పేరు పెట్టి పిలిచాను

మా ఆయనకు పూర్ణిమ దండాలు. ఇక్కడ అత్తమ్మ, మామయ్య, నేను, మొన్న ఈనిన బర్రె, దాని దూడ అందరం బాగున్నాం. మీ కాలు తొందరగా అతుక్కోవాలని రోజూ దేవుడికి మొక్కుకుంటున్నాను.

దవాఖాన నుంచి మీరు రాసిన ఉత్తరం అందింది. ఫోన్ లోయలో పడిపోతే పోయింది, మీరు దక్కారు. పక్క మంచం ఆయన ఫోన్‌లో మీరు మాట్లాడినప్పుడు ఇంటిల్లిపాదీ నా చుట్టూ చేరారు, బాగున్నారా అని మాత్రం అడిగి ఫోన్ అత్తమ్మకు ఇచ్చేశాను. అందుకే రాస్తున్నాను.

గరిడేపల్లి పొలంలో నాట్లు అయిపోయాయి. మామయ్య మోకాలి నొప్పి గురించి దిగులు పడకండి. "మావోడు ఇమానంతోని కొండ మీద పడ్డా లేసి కూసున్నడు" అని మిర్యాలగూడ దాకా పోయి చెప్పి వస్తున్నారు. పొగమంచులో దారి కనబడక పైలట్ ఆ చిన్న విమానాన్ని చెట్ల మీదికి దించాడని మీరు రాశారు కదా, మామయ్య అందులో ఒక పులిని కూడా కలిపారు.

ప్రమాదం సంగతి నాకు మొదట ఎలా తెలిసిందని అడిగారు. అది రాయాలంటేనే సిగ్గు.

ఆ రోజు నాట్లేస్తుంటే ఫోన్ వచ్చింది. మీరు పనిచేసే చోటికి కొత్తగా వచ్చిన సూపర్‌వైజరట, మన కోదాడ ఆయన.

"అమ్మా, ఇక్కడ కొండల్లో చిన్న విమానం కూలింది. అందులో మన తెలుగోళ్ళు ఇద్దరున్నారు. ఒకతను బతికి బయటపడ్డాడు, ఇంకొకతని కోసం వెతుకుతున్నారు. ఆఫీసోళ్ళు రెండిళ్ళ నంబర్లిచ్చారు గానీ ఎవరిది ఏదో చెప్పలేదు. మీ ఆయన పేరేంటి?"

భర్త పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పి పెంచింది. పెళ్ళినాడు మీ చెల్లె దివ్య గడపకు అడ్డం నిలబడి ఎంత అడిగినా చెప్పలేదు కదా!

"ఈదయ్య గారి కొడుకు" అన్నాను.

"తండ్రి పేర్లు ఇక్కడెవరికి తెలుసమ్మా! సిగ్నల్ పోయేట్టుంది, తొందరగా చెప్పండి."

చెబితే మీకేమవుతుందో. చెప్పకపోతే మీరున్నారో లేదో తెలియదు. కళ్ళు మూసుకుని "సైదులు" అన్నాను. వినబడలేదన్నాడు. "సైదులూ!" అని కేకేశాను. వంగి నాట్లేస్తున్న ఆడవాళ్ళంతా నడుములెత్తి చూశారు.

"ఉన్నాడమ్మా! బతికినతను సైదులే. కాలు విరిగిందంతే."

బురదలోనే కూలబడ్డాను. అటు మడిలో ఉన్న అత్తమ్మ పరుగెత్తుకొచ్చింది. "ఎవతే, నా కొడుకును పేరు వెట్టి గట్ల మొత్తుకునేది?" అంది. సంగతి చెప్పేసరికి నన్ను బురద చేతులతోనే గుండెకు హత్తుకుని ఏడ్చింది.

పక్కింటి శోభక్క ఊరుకుంటుందా? "గడప కాడ నోరిప్పని పిల్ల, ఇయ్యాల ఊరంత ఇనెటట్టు పిలిసింది సూడుండ్రి!" అంది. పొలమంతా నవ్వులే. సాయంత్రానికి రెండో అతనూ దొరికాడని తెలిసి అందరికీ చాయ్ పోశాం.

ఇంకొక మాట ఇంతవరకు దాచాను. ఆ రోజుతో ఆపలేదు. కొట్టంలో ఎవరూ లేనప్పుడు మీ పేరు అనుకుంటూ ఉన్నాను, నోటికి తియ్యగా ఉంది. నిన్న అత్తమ్మ వినేసింది. భయపడ్డాను.

"ఆయుష్షు తగ్గుతదని నేను గూడ మీ మామను ఎన్నడు పిలువలే. నువ్వు పిలిసినంకనే నా కొడుకు ఉన్నడని ఇన్న. ఇగ పిలువు బిడ్డా" అంది.

అందుకే ముందే చెబుతున్నాను. మీరొచ్చే రోజు సూర్యాపేట బస్టాండులో ఎంతమంది ఉన్నా సరే, పేరు పెట్టే పిలుస్తాను. ఎవరినో అనుకుని పోయేరు. పలకండి.

ఇట్లు,
మీ రాక కోసం చూసే మీ ఇల్లాలు
పూర్ణిమ