క్లాంపు వెనక వైరు

మార్చి 3, సోమవారం

బండి మళ్ళీ మొరాయించింది. బండి అంటే మావాడి ఎక్స్‌కవేటర్. వాడే ఓనరు, వాడే డ్రైవరు. బకెట్ నిండా మట్టి ఎత్తి తిరిగేసరికి ఇంజన్ గొంతు పడిపోతోంది. కాసేపటికి దానంతటదే లేస్తుంది. ఇంకొక్కసారి ఆగితే వేరే బండి పెట్టుకుంటానని కాంట్రాక్టర్ తేల్చేశాడట. ఇంటిల్లిపాదికీ తిండి ఆ బకెట్‌లోంచే రావాలి.

నేను చూస్తానన్నాను. పెళ్ళాం పక్కన కంటే డీజిల్ ఇంజన్ల కింద ఎక్కువ పడుకున్నవాణ్ణి. వద్దులే నాన్నా, ఇది వైర్ల గొడవ, మామయ్యకి ఫోన్ చేశాను అన్నాడు.

మామయ్య అంటే నా బావమరిది. రేడియోలు బాగుచేసుకుని బతికేవాడు. అందరూ వాణ్ణి రేడియో అనే పిలుస్తారు. జన్మలో చేతికి గ్రీజు అంటనివాడు. ఇంజన్లకి కంప్యూటర్లు పెట్టారు, వీడి దశ తిరిగింది. ఒక లాప్‌టాప్ కొన్నాడు. ఇప్పుడు ఏ యార్డుకెళ్ళినా రేడియోగారే.

గారు!

మార్చి 4, మంగళవారం

రేడియోగారు వేంచేశారు. ఇస్త్రీ చొక్కా.

ఇంజన్‌లో పాటలేమైనా వస్తున్నాయేమో చెవి పెట్టి చూడరా అన్నాను. అన్నీ ఏడుపు పాటలే బావా, ఇన్నాళ్ళూ దీన్ని చూసింది ఎవరేంటి అన్నాడు. మావాడు నవ్వాడు. తండ్రి పక్షాన నవ్వకుండా ఉండొచ్చు కదా!

లాప్‌టాప్ తగిలించాడు. డీజిల్ ప్రెషర్ చూసే సెన్సార్ పేరొచ్చింది. అయితే మార్చెయ్ మామయ్యా అన్నాడు మావాడు. రేడియో ఒప్పుకోలేదు. ఎవరు ఏడుస్తున్నారో చెబుతుందిరా ఇది, ఎవరు గిల్లారో చెప్పదు, సెన్సార్ పోయుండొచ్చు, దానికెళ్ళే వైరు పోయుండొచ్చు అన్నాడు. మాట మాత్రం బాగుంది. ఎక్కడో కొట్టేసుంటాడు.

మా ఆవిడ టీ పట్టుకుని సైటుకొచ్చింది. పెళ్ళయ్యాక నాకోసం ఒక్క సైటు తొక్కలేదు. తమ్ముడికి గ్లాసు నిండా పోసి, మీరూ కొంచెం తాగుతారా అంది.

కొంచెం!

మార్చి 5, బుధవారం

వైర్లు కదిపి చూడాలట. తాళం తిప్పి ఉంచి ఒకడు స్క్రీన్ చూస్తాడు, ఇంకొకడు వైరు పొడుగునా చేత్తో కదుపుతూ పోతాడు. దెబ్బతిన్నచోట కదిపితే స్క్రీన్ మీద అంకె ఎగురుతుంది. ఇంజన్ పక్క సందులో రేడియో పొట్ట పట్టదు. నువ్వు దూరు బావా, నీ ఒంట్లో ఏముంది, ఎముకలూ వెటకారమూ తప్ప అన్నాడు. దూరాను. వాడికి హెల్పర్ని అయ్యాను. ఆ మాట రాస్తుంటే చెయ్యి మండుతోంది.

వైర్లని ఇంజన్‌కి అదిమి పట్టే ఇనుప క్లాంపు వెనక వేలికి తగిలింది. పైతొడుగు అరిగిపోయి రాగి బయటికొచ్చింది. ఇంజన్ ఊగినప్పుడల్లా ఇనుముకి తగులుతోంది. ఇదే. ఒక్కసారి కదిపితే చాలు, దొరికిందోచ్ అని వాడు గంతేస్తాడు.

కదపలేదు. ఆ ముక్కని వదిలేసి మిగతా వైరంతా ఊపాను. ఏమీ లేదురా అన్నాను.

పాపం, నా మాట నమ్మి కొత్త సెన్సార్ బిగించాడు.

మార్చి 5, సాయంత్రం ఏడు

నేననుకున్నది వేరు. ట్రయల్‌లో బండి ఆగాలి. రేడియో మొహం వేలాడాలి. అప్పుడు నేను దూరి, వైరు బయటికి లాగి, అందరికీ చూపించాలి.

ట్రయలూ లేదు, గియలూ లేదు. కాంట్రాక్టర్ వచ్చి నిలబడ్డాడు. నవ్వితే పళ్ళు అరిగిపోతాయని భయం ఆయనకి. ఇప్పుడే పని మొదలెట్టమన్నాడు. ఇప్పుడు బండి ఆగితే మావాడి పని పోయినట్టే. మావాడు డీజిల్ పోస్తుంటే, కళ్ళజోడు పడిపోయిందని చెప్పి మళ్ళీ సందులో దూరాను. వైరుకి టేపు చుట్టి, క్లాంపు నుంచి పక్కకి తప్పించాను.

బండి ఒక్కసారి కూడా ఆగలేదు. కాంట్రాక్టర్ రేడియో భుజం తట్టాడు. మావాడు వాణ్ణి వాటేసుకున్నాడు. మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

బాగుచేసింది నేను. పేరు వాడికి. నోరు విప్పితే, ముందే ఎందుకు చెప్పలేదంటారు.

మార్చి 6, గురువారం

మూడు పూటలా ఇంట్లో రేడియో పేరే వడ్డిస్తున్నారు, నాకు ఆకలి లేదు.

మార్చి 7, శుక్రవారం

పొద్దున్నే రేడియో ఊడిపడ్డాడు. చొక్కా నలిగి ఉంది. తీసేసిన పాత సెన్సార్‌ని వేరే యార్డులో ఇలాంటి బండికే బిగించి చూశాడట. నిక్షేపంలా పనిచేస్తోందట.

అంటే నేను బాగుచెయ్యలేదురా, ఊరికే తగ్గింది, జబ్బు లోపలే ఉంది అన్నాడు మావాడితో. రేపట్నుంచి నీ పని గట్టు అంచున, అక్కడ లోడు మీద గొంతు పడితే బండితో పాటు నువ్వూ కిందికే, నేను నడపనివ్వను అన్నాడు. మావాడు బతిమాలాడు. ఆపితే కాంట్రాక్టర్ ఇంకో బండి తెస్తాడు మామయ్యా, మళ్ళీ నన్ను పిలవడు అన్నాడు. తెచ్చుకోనీ, నాకు నువ్వు కావాలి అని రేడియో బండి తాళం జేబులో వేసుకున్నాడు.

వచ్చిన పొగడ్త నోరుమూసుకుని తీసుకోవడం కూడా చేతకాదు వెధవకి. మావాడు తల పట్టుకుని మట్టికుప్ప మీద కూర్చున్నాడు. వాణ్ణి అలా చూళ్ళేకపోయాను.

అదే రోజు, మధ్యాహ్నం మూడు

చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాను. రెండుసార్లూ ఆవలింతే వచ్చింది.

అందరూ భోజనానికి లేచాక సందులో దూరాను. టేపు పీకేశాను. వైరుని మళ్ళీ క్లాంపు వెనక్కి తోశాను. ఇంకోసారి కదిపి చూద్దామేంట్రా, ఖాళీగానే ఉన్నాంగా అన్నాను రేడియోతో, ఏమీ ఎరగనట్టు.

ఈసారి అక్కడే కదిపాను. అంకె కప్పలా ఎగిరిందట. అక్కడే బావా, అక్కడే, చెయ్యి తియ్యకు అని వాడరిచిన అరుపుకి మావాడు పరిగెత్తుకొచ్చాడు.

నేను బాగుచేసినదాన్ని నేనే చెడగొట్టి, నా బావమరిది చేత కనిపెట్టించాను.

అతుకు పెట్టడానికి రేడియో వైరు బయటికి లాగాడు. రాగి చుట్టూ టేపు జిగురు. తాజాగా ఉంది. వాడి వేలికి అంటుకుంది. నా వైపు చూశాడు. నేను మబ్బుల వైపు చూశాను.

గుడ్డతో జిగురు శుభ్రంగా తుడిచేశాడు. మావాడు చూడకముందే.

మార్చి 8, శనివారం

గట్టు మీద బండి నడుస్తోంది. ఆ వైరు పట్టుకుంది మీ నాన్న వేలేరా, నా లాప్‌టాప్ కాదు అని కాంట్రాక్టర్ ఎదుటే చెప్పాడు రేడియో. మావాడు నన్ను వాటేసుకున్నాడు. వాడి భుజం మీంచి చూస్తే రేడియో నవ్వుతున్నాడు.

మంచితనంలో కూడా నాకంటే ముందే ఉండాలా వీడు?