మూడో అద్దాల పెట్టెలో మా రోకలి

నరసరావుపేట

మ్యూజియం ఇన్‌చార్జి జ్ఞానయ్య గారికి, నమస్కారం.

నిన్న మా కాలేజీ పిల్లలతో వచ్చి, పాత ఠాణాలో మీరు పెట్టిన పోలీసు చరిత్ర మ్యూజియం చూశాను. లాఠీలు, ఎర్ర టోపీలు బాగున్నాయి. మూడో అద్దాల పెట్టె దగ్గర మాత్రం నా కాళ్లు ఆగిపోయాయి. అందులో ఉన్నది మా అమ్మమ్మ బుల్లెమ్మ రోకలి! నా చిన్నప్పుడు, ఎన్నికల ముందు పోలీసులు ఊరంతా సోదా చేసి కర్రలతో పాటు దాన్నీ పట్టుకుపోయారు. అడుగున ఇనప పొన్ను వదులైతే తాతయ్య చుట్టిన రాగి తీగ ఇంకా అలాగే ఉంది.

దాని కింద చీటీ మీద ఏం రాశారండీ? ‘ముఠా తగాదాలో గుర్తు తెలియని దుండగుడు వాడిన మారణాయుధం. రక్తపు మరక గమనించగలరు.’

అది రక్తం కాదు, మిరపకారం! నేను ఏ మాటా అంత గట్టిగా అనే మనిషిని కాను. ఇది అంటున్నాను. మా అమ్మమ్మ కోడిపిల్లనైనా అదిలించి ఎరగదు. ఈ వయసులో ఆవిడకు ఈ చెడ్డపేరేమిటి? చీటీ తీసేయండి.

ఇట్లు,
లీలావతి, చరిత్ర లెక్చరర్

తా.క. మా పిల్లలు ఆ రక్తంతో సెల్ఫీలు దిగారు.

*

లీలావతి మేడం గారికి సెల్యూట్.

ఆ మరక రక్తమే. ఎలా తెలుసని అడగవద్దు. గాయపడిన కానిస్టేబుల్ వాంగ్మూలం ప్రకారం దుండగుడు ఆరడుగుల మనిషి, గుబురు మీసాలు. రోకలి మీదేనని ఒప్పుకున్నారు కనుక, ఆయన మీ ఇంట్లో ఎవరో తెలిపితే చీటీలో పేరు చేర్చగలం.

విధేయుడు,
జ్ఞానయ్య, రిటైర్డ్ హెడ్ కానిస్టేబుల్

తా.క. కారమైతే ఇన్నేళ్లకు పురుగు పట్టేదని మా ఆవిడ అంటోంది.

*

జ్ఞానయ్య గారూ,

మా ఇంట్లో మీసాలున్నది తాతయ్య ఒక్కడికే. ఆయన నా భుజానికి వచ్చేవాడు. చనిపోయినాయన్ని కూడా ముఠాలో కలిపేశారా? రోకళ్లన్నీ ఒకేలా ఉంటాయి, నేనే పొరబడ్డానేమో అని కాసేపు అనుకున్న మాట నిజమే. మరి ఆ రాగి తీగనేం చేయను?

ఆదివారం అమ్మమ్మనే తీసుకొస్తున్నాను. అది రక్తమని ఆవిడ మొహం మీద చెప్పండి.

లీలావతి

తా.క. ఆవిడకు చెవుడు. వీధిలోకి వినబడేలా చెప్పాలి.

*

మేడం గారికి,

ఆదివారం సెలవు. సోమవారం కూడా సెలవే. పెద్దావిడను ఎండలో తిప్పవద్దు. చీటీ తీసేశాను. రోకలి పార్సిల్ చేయిస్తాను.

జ్ఞానయ్య

తా.క. ఆవిడ ఇంకా కారం దంచుతున్నారా? ఊరికే అడిగాను.

*

జ్ఞానయ్య గారికి,

సెలవన్నారు, తలుపులు బార్లా తెరిచి ఉన్నాయి. మీరే లేరు. గోడ మీద మీ పేరుతో పాత యూనిఫాం ఫోటో ఉంది, నుదుటి మీద మచ్చతో సహా. అమ్మమ్మ దాని ముందే నిలబడిపోయింది.

“ఏమే, ఈ పిల్లోడు ఇంకా ఉన్నాడా? ఆరోజు రోకలి ఇయ్యనంటే గుంజాడు. నుదుటన ఒక్కటి పెట్టా. చానా ఏడ్చాడే పాపం! నేనే పసుపద్ది, రోకలి చేతికిచ్చి పంపించా” అంది.

కోడిపిల్ల మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ వాంగ్మూలం చదివి వినిపించాను. అంతే, ఆవిడ అగ్గైపోయింది. “ఆరడుగులేంది, మీసాలేంది? నేను కొడితే ఎవడో మగోడి ఖాతాలో రాస్తాడా?”

రోకలి పంపవద్దట. చీటీ మళ్లీ పెట్టాలట, ‘బుల్లెమ్మ’ అని పెద్ద అక్షరాలతో. లేకపోతే వచ్చే ఆదివారం మళ్లీ వస్తుందట.

లీలావతి

తా.క. మరక సంగతి కూడా తేల్చేసింది. సగం కారం, సగం మీరు.