గంజి చాలని నీకెలా తెలిసేది

నిన్ను పేరు పెట్టి ఏనాడూ పిలవలేదు. ఇప్పుడు రాయడానికీ సిగ్గుగానే ఉంది. నువ్వు పోయి నేటికి ఏడాది.

మన మనవరాలు సుజాత ఆదోని కాలేజీలో నాలుగో ఏడు చదువుతోంది. ఆనర్స్ పట్టా రావాలంటే పరీక్షలొక్కటే చాలవట, ఏదైనా ఒక పని గురించి విచారించి ప్రాజెక్టు రాసివ్వాలట. మగ్గం ఎక్కించే ముందు పడుగు నూలుకు నువ్వు కాచే గంజి గురించి రాసింది. ఇవ్వడానికి ఈరోజే ఆఖరు.

నిన్న నా ముందర కూర్చుని అడిగింది.

"తాతా, గంజి సాలని అవ్వకు ఎట్ల తెలుస్తాండె?"

"సాలు అంటాండె. నేను పొయ్యి ఆర్పుతాంటి."

"అట్ల రాస్తే మా సార్ ఒప్పుకోడు. రంగు సూస్తాండెనా, వేళ్లతో పట్టి సూస్తాండెనా?"

"వేళ్లతోనే."

"యాభై ఏండ్లు పక్కనే ఉండి, ఇంత సేపా సెప్పేకి!" అని నవ్వింది.

నాకు తెలియదు. ఎప్పుడూ అడగాలని తోచలేదు. దాని పట్టా ఆగిపోతుందేమోనని భయపడి వేళ్లతో అన్నాను. అది రాసుకుని, చెప్పినవారి సంతకం నాతో పెట్టించుకుంది. పొద్దున ఎమ్మిగనూరు బస్టాండులో దాన్ని బస్సెక్కించి వచ్చాను. బస్సు కదిలేదాకా చెబుదామనే నిలబడ్డాను.

ఇకమీదట ఆ ప్రాజెక్టు పుస్తకం చదివినవాళ్లు నువ్వు వేళ్లతోనే చూసేదానివని నమ్ముతారు. నేను కూడా నమ్మాలనే చూస్తున్నాను.