గాలి చిల్లులు

3 నవంబర్, సోమవారం
నేను చెబుతున్నాను, కోడలు నవత రాస్తోంది. నాకు అక్షరం రాదు. తేదీ వేసి రాయమన్నాను. రేపు పొయ్యి బాగుచేసే జానీ మియా మాట మారిస్తే పనికొస్తుంది.

నూలుకు రంగు వేసే కట్టెల పొయ్యి మాది. ఇనుముతో రెండు గోడలు. కింద దూరిన గాలి గోడల నడుమ కాగి, లోపలి చిల్లుల్లోంచి మంట మీదికి వస్తుంది. దసరా ముందు జానీ మియా లోపలి గోడ మార్చాడు. ఆ తర్వాత నుంచి పొగే, మంట సరిగా అందదు. నిన్న ఎర్ర నూలంతా మచ్చలు. ఇంకోసారి ఇట్లయితే రంగు పని మిల్లుకిస్తానని మాకు నూలిచ్చే చేనేత సొసైటీ కుమారస్వామి మొహం మీదే అన్నాడు. మా వాడలో చేత్తో రంగు వేసేదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.

మంచి రేకు దాచుకుని డబ్బా రేకు పెట్టాడు జానీ మియా.

4 నవంబర్
ఫోన్ ఎత్తలేదు. ఎందుకెత్తుతాడు?

6 నవంబర్, పొద్దున
వచ్చాడు. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. నీ కట్టెలు పచ్చియేమో సూడు మల్లవ్వా అన్నాడు. నా కట్టెల జోలికి రాకు అన్నాను. పోలీసోళ్లు గూడ ఇట్ల సూడరు, జర అటు తిరుగు అని నవ్వాడు. తిరగలేదు.

గోడ ఊడదీసి మసి గీకాడు. రేకు మంచిదే. చిల్లులే కనబడలేదు. అన్నిట్లో ఎర్రమన్ను, నున్నగా. ఇంత సాపు నా చేతికి రాదవ్వా, ఇది ఆడోళ్ల పనే అన్నాడు.

ఇక్కడికొచ్చేసరికి నవత రాయడం ఆపింది. రాయవే అన్నాను.

సాయంత్రం
గ్యాస్ పెట్టిద్దామని ఎప్పటి నుంచో నస పెడుతోంది నవత. అందుకే పూడ్చావా అని అడిగాను. ఏడుస్తుందనుకుంటే లేచింది నా మీదికి. శుక్రారం శుక్రారం పొయ్యి అలుకుమన్నది ఎవరత్తమ్మా, పొయ్యికి పగులుంటే ఇంటికి అరిష్టమని నా నెత్తి తిన్నదెవరు, కొత్త గోడకు గన్ని బొక్కలు జూసి నీ కంటవడకముందే పూసిన, అంది.

తన మాటలు నేను చెప్పలేదు, అదే రాసుకుంది.

7 నవంబర్, శుక్రవారం
జానీ మియా చిల్లులన్నీ పొడిచాడు. ఎట్లా శుభ్రం చేయాలో నాకు కాక నవతకు చూపించాడు. తను మంట చూసుకుంది, నేను నూలు ముంచాను. చిల్లు చిల్లుకూ ఒక మంట, పొగ లేదు. నూలు చుట్టలన్నీ, చిలపకు చిలప, ఒకటే ఎరుపు. కుమారస్వామి ఎండలో తిప్పి తిప్పి చూశాడు. మిల్లు మాట ఎత్తలేదు.

8 నవంబర్
తెల్ల నూలు మూట వచ్చింది. కుమారస్వామి దాన్ని నా పీట దగ్గర దించలేదు. నవత ముందు దించాడు.

ఎందుకు? నిన్నటి ఎరుపు తన మంటదని కనిపెట్టాడా?