హమ్రియా స్టూడియోలో నీ డప్పు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇక్కడ ఒమాన్‌లో డ్యూటీకి సెలవు పెట్టి, నీ డప్పు తీసుకుని, నువ్వెప్పుడూ చెప్పే హమ్రియా స్టూడియోకు వెళ్లాను.

ఒకప్పుడు రాక్ అండ్ రోల్ బ్యాండ్లు పాడిన ఆ గదిలో, డ్రమ్మర్ రాని రోజు నువ్వు నిలబడి వాయించిన చోటును ఒమానీ యజమాని చూపించాడు.

"ఏసీ బంద్ చెయ్యండి, చల్లదనానికి డప్పు తోలు వదులైపోతుంది అన్నాడు మీ అన్న. అందరం చెమటల్లో తడిసిపోయాం," అని హిందీలో చెబుతూ ఆనాటి టేపు పెట్టాడు.

ఊళ్లో గడ్డిమంట మీద డప్పు కాచే నువ్వు, ఇక్కడ ఎండలో ఆయన కారు బానెట్ మీద కాచావట. టేపులో గిటార్లన్నీ నీ దెబ్బ వెనకే నడిచాయన్నా.

పాట అయ్యాక బయటికొచ్చి, నీ డప్పును బానెట్ మీద పెట్టాను. అది కాగేలోపే ఆయన లోపలికెళ్లి ఏసీ ఆపేశాడు.