కార్డు ఉంటే బేరం లేదు

మంగళవారం, నంద్యాల

నిద్ర పట్టడం లేదు. ఈయన దుడ్లు కట్టి ఒక హోటల్ మెంబర్‌షిప్ కార్డు తీసుకున్నప్పటి నుంచి కనపడినోళ్ళకంతా దాన్ని చూపిస్తాండాడు. అత్తను కంటి వైద్యానికి బెంగళూరు తీసకపోయినప్పుడల్లా రూముకు డిస్కౌంట్ వస్తాదని సంబరం.

మధ్యాహ్నం ఈయన లేనప్పుడు ఆ హోటల్‌కు ఫోన్ చేసినా. కార్డు ఊసెత్తకుండా రూము ఎంతకిస్తారని అడిగినా. ఇంకొంచెం తగ్గించప్పా అన్నా, అలవాటు కదా. కార్డుతో మేము కట్టే రేటు కన్నా కిందికి దిగినాడు. కార్డు కూడా ఉండాది, ఇంకా తగ్గిస్తావా అంటే, "కార్డుంటే బోర్డు రేటు మీదే డిస్కౌంట్ మేడం, బేరం ఉండదు" అన్నాడు.

టమాటాల కాడ కూడా బేరమాడే మనుషులం. బోర్డు మీద రాసిన రేటు ఎవరు కట్టినారు మనలో?

ఈయనకు చెప్దామనుకునే లోపల ఆళ్లగడ్డ నుంచి బావ ఫోన్. ఈయన స్పీకర్ పెట్టినాడు. "తమ్ముడు నన్నూ కార్డు తీసుకోమంటాండాడు. నువ్వేమంటావో చెప్పుమ్మా. నువ్వు విచారించందే ఏదీ కొననీవు కదా" అన్నాడు బావ. ఈయన నవ్వుతా నా మొగమే చూస్తాండాడు. ఏం చెప్పేది? "రేపు రా బావా, అన్నం తిని మాట్లాడుకుందాం" అన్నా.

"సరే, కార్డుకు దుడ్లు తెచ్చుకుంటా" అన్నాడు. రమ్మంటే, తీసుకోమన్నాననుకున్నాడు.

బావ బస్సెక్కక ముందే ఈయన్ను లేపి చెప్పాల. చెప్తే రేటెంత అని అడగడు. "నాకు తెలీకుండా ఎందుకు ఫోన్ చేసినావ్" అనే అడుగుతాడు.