నీరెండవాళ్ళ అవ్వ తాగని నీళ్ళు

మంగళవారం, ఉదయగిరి

మా ఆయన చెక్కే గరిటెలకు కొయ్య మోసుకుని నీరెండవాళ్ళ అవ్వ ఈరోజు కోట కొండ దిగి వచ్చింది. చావు దగ్గరపడిన మనిషి చేతి నీళ్ళు ఆ జాతివాళ్ళు ముట్టరు. ఎందుకని అడిగినా చెప్పరు. నిరుడు మా మామ ఇచ్చిన నీళ్ళు ఈ అవ్వే వద్దంది. తొమ్మిదో రోజున ఆయన పోయాడు.

ఈరోజు నేను చెంబు అందిస్తే అవ్వ చేతులు వెనక్కి పెట్టుకుంది.

"ఎండన పడి వచ్చినావు, దాహం లేదా అవ్వా?"

"లేదు బిడ్డా," అంది, నా ముఖం చూడకుండా.

అంతలో మా పాప గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. అవ్వ గటగటా తాగేసింది.

"ఏందిమ్మా, ఇప్పుడే దాహం లేదనిందే!" అని పాప నవ్వింది. నేనూ నవ్వాను.

మా ఆయనకింకా చెప్పలేదు. రేపటి నుంచి పాపకు తన జడ తానే వేసుకోవడం నేర్పాలి.